షెల్టర్‌ కుక్కకు ఇల్లు దొరకాలంటే: దత్తతకూ, బొమ్మలు వేసి చేసే సాయానికీ ఒక మార్గదర్శిని

మన నగరాల్లోని జంతు సంరక్షణ కేంద్రాలకు, అంటే షెల్టర్లకు, కుక్కలు ముఖ్యంగా రెండు దారుల్లో చేరుతాయి. వాహనం కింద పడి కాలు విరిగినవి, చర్మరోగంతో బొచ్చు ఊడినవి, తల్లి లేని పిల్లలు వీధి నుంచి వస్తాయి. ఇల్లు మారామనో, బిడ్డ పుట్టిందనో, కుక్క ముసలిదైపోయిందనో యజమానులు వదిలించుకున్న లాబ్రడార్లు, పగ్‌లు, హస్కీలు ఇళ్ల నుంచి వస్తాయి. జాతి కుక్కలనూ, చిన్న కుక్కపిల్లలనూ అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఎదిగిన నాటు కుక్కను, అందులోనూ నల్లదాన్ని, అడిగేవారు చాలా తక్కువ. ఆ కుక్కలో లోపమేదో ఉండటం ఇందుకు కారణం కాదని నా గట్టి నమ్మకం. వరుసగా ఉన్న జాలీల వెనుక అన్నీ ఒకేసారి మొరుగుతుంటే, వచ్చినవారికి ఒక గుంపు కనిపిస్తుంది గానీ అందులో ఫలానా కుక్క అంటూ ఒకటి కనిపించదు. దత్తత తీసుకోదలచినవారైనా, అద్దె ఇల్లు వల్లనో, ఆరోగ్యం వల్లనో తీసుకోలేక కుక్కల బొమ్మలు వేసి సాయపడదలచినవారైనా మొదట నేర్చుకోవలసింది ఒక్కటే: ఒక కుక్క ముందు తీరిగ్గా కూర్చుని దాన్ని సరిగ్గా చూడటం. అందుకే ఈ రెండు పనుల గురించీ కలిపి రాస్తున్నాను.

పుస్తకం, పెన్సిల్‌తో మొదటి సందర్శన

కుక్కను ఎంచుకునే రోజున కాకుండా, అంతకు ముందే ఒకటి రెండు సార్లు షెల్టర్‌కు వెళ్లండి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు స్థాపించిన బ్లూ క్రాస్ వంటి పెద్ద సంస్థలతో పాటు, చాలా పట్టణాల్లో చిన్న చిన్న కేంద్రాలు కూడా ఉన్నాయి. సందర్శకులను ఏ వేళల్లో రానిస్తారో ఫోన్‌లో కనుక్కుని, అన్నం పెట్టే సమయం, గదులు కడిగే సమయం తప్పించి వెళ్లాలి. చిన్న స్కెచ్ పుస్తకం, మెత్తటి పెన్సిల్ వెంట తీసుకెళ్లండి. బొమ్మలు వేయడం రాకపోయినా పరవాలేదు. కళ్లు పరుగెత్తకుండా ఒకచోట నిలపడానికి గీత గీయడం కన్నా మంచి ఉపాయం లేదు.

జాలీకి ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తే చాలా కుక్కలు దాన్ని బెదిరింపుగా తీసుకుంటాయి. కాబట్టి కాస్త దూరంలో, ఒక పక్కకు తిరిగి, నేల మీద కూర్చోండి. నిమిషానికొక బొమ్మ చొప్పున వెన్ను వంపు, తోక ఉన్న తీరు, చెవులు తిరిగిన దిక్కు మాత్రమే గీయండి. అలా గీస్తూ పోతే కుక్క తోక ఎప్పుడు కాళ్ల మధ్యకు పోతోందో, నిద్ర రాకపోయినా ఎందుకు ఆవలిస్తోందో, మాటిమాటికీ పెదవులు ఎందుకు నాకుతోందో, కంటి తెల్లభాగం బయటపడేలా పక్కచూపు ఎవరిని చూస్తోందో మీకే తెలుస్తుంది. ఇవన్నీ భయానికీ ఒత్తిడికీ గుర్తులు. చీపురు ఎత్తితే ముడుచుకుపోయే కుక్కను ఎవరో కొట్టి ఉండవచ్చు. గట్టిగా మొరిగే కుక్క ఇంట్లోనూ అలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. నాలుగు వైపులా చప్పుడు ఉన్న చోట మొరగడం దాని స్వభావానికి కొలత కాదు. సిబ్బంది అనుమతిస్తే తాడు కట్టించి బయట కొంచెం దూరం నడిపించండి. జాలీ వెనుక కనిపించిన కుక్కకూ, చెట్టు కింద మట్టి వాసన చూస్తున్న కుక్కకూ ఎంత తేడా ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త మరచిపోకూడదు. షెల్టర్‌కు తరచుగా వెళ్లేవారు ముందుగానే డాక్టరును కలిసి రేబిస్ టీకా గురించి మాట్లాడటం మంచిది. ఎప్పుడైనా పంటి గాటు పడితే, చిన్న గీరుడే అయినా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సిబ్బందిని అడగవలసినవి

ఒక కుక్క మీద మనసు నిలిచాక, దాన్ని రోజూ చూసుకునే మనిషితో మాట్లాడండి. కార్యాలయంలోని కాగితాల కన్నా అన్నం పెట్టే మనిషికి ఎక్కువ తెలుసు. ఎక్కడి నుంచి వచ్చింది, ఇతర కుక్కలతో, పిల్లులతో, పిల్లలతో ఎలా ఉంటుంది, తినే గిన్నె దగ్గరకు వెళ్తే గుర్రుమంటుందా, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ వచ్చి తగ్గిందా అని అడగండి. టీకాల కార్డు చూడండి. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో, దాదాపు పదహారు వారాలు నిండే వరకు పార్వో, డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బులకు టీకాలు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలవుతుంది. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి, మీ ఇంట్లో ఇంతకు ముందు ఏ కుక్కైనా ఆ జబ్బుతో పోయి ఉంటే, టీకాలు పూర్తికాని పిల్లను తీసుకురావద్దు. టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి.

వీధి నుంచి వచ్చిన కుక్క చెవి అంచున చిన్న కోత కనిపిస్తే, దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిందని గుర్తు. జరగకపోతే, ఎప్పుడు ఎక్కడ చేయిస్తారో దత్తత పత్రంలోనే రాయించుకోండి. ఇల్లు చూడటానికి వస్తామని, మళ్లీ ఫోన్ చేస్తామని, అద్దె ఇంటి యజమాని అంగీకారం చూపమని షెల్టర్ వారు అడిగితే నొచ్చుకోకూడదు. అలా అడిగే షెల్టరే మంచి షెల్టర్.

ఇంట్లో తేల్చుకోవలసింది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఉదయం ఎవరు నడిపిస్తారు, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు, అమ్మమ్మకో తాతయ్యకో కుక్క కాళ్లకు అడ్డం పడితే ఎలా అన్న ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న జవాబులు ఉండాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. మొదటిసారి నేరానికి ఆ చట్టంలో ఉన్న జరిమానా పది నుంచి యాభై రూపాయలే. చట్టం ఇంత బలహీనంగా ఉన్నచోట కుక్కకు మిగిలేది మన మాట ఒక్కటే. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ లైసెన్సు అవసరం కాబట్టి, రేబిస్ టీకా ధ్రువపత్రాన్ని భద్రంగా ఉంచుకోండి.

మీ వీధిలోనే ఉన్న కుక్కను తీసుకోదలచుకుంటే అది కూడా దత్తతే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులో, జంతుప్రేమికులు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసి వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చని, అయితే అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. ఆ రెండో భాగమే ముఖ్యమైనది. పగలంతా వీధిలో తిరిగి రాత్రి గేటులోకి వచ్చే కుక్కకు మీరు చేస్తున్నది మేలే గానీ, దాన్ని దత్తత అనలేం.

ఇంటికి వచ్చిన తరువాత

కుక్కలతో పనిచేసేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి అలవాట్లు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అని నమ్మడానికి మూడు నెలలు పడుతుందని దాని అర్థం. ఇది స్థూలమైన లెక్కే అయినా, తొందరపడేవారిని ఆపడానికి బాగా పనికొస్తుంది. మొదటి రోజే బంధువులను పిలవకండి, స్నానం చేయించకండి. ఒక మూల పాత దుప్పటి, నీళ్ల గిన్నె ఉంచి, అది తనంతట తాను లేచి వచ్చే వరకు ఆగండి. కొత్త కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది మొదటి రోజుల్లోనే. తలుపు తీసే ప్రతిసారీ తాడు చేతిలో ఉండాలి, ఒంటికి బిగుతుగా సరిపోయే హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) ఉండాలి, మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. దీపావళికి ముందు వారాల్లో దత్తత పెట్టుకోవద్దని నా సలహా. టపాసుల చప్పుడుకు బెదిరి పరుగెత్తిన కుక్కకు ఇంకా అలవాటు కాని ఇంటికి తిరిగి రావడం తెలియదు.

షెల్టర్‌లో పెట్టిన తిండినే కొన్నాళ్లు పెట్టి, నెమ్మదిగా మార్చండి. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, అన్నం చాలా కుక్కలకు సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, పాయసంలోని ఎండుద్రాక్ష, చాక్లెట్ విషంతో సమానం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. మొదటి వారంలోనే పశువైద్యుడికి చూపించి, నులిపురుగుల మందు, పిడుదుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో రాయించుకోండి.

బొమ్మ చేయగలిగిన పని

అమెరికాలో మార్క్ బరోన్ అనే చిత్రకారుడు, షెల్టర్లలో ప్రాణాలు తీసిన కుక్కల ముఖాలను 5,500 చిత్రాలుగా వేసే పనికి పూనుకున్నాడు. మన దేశంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, నయం కాని జబ్బు ఉన్నవాటికి, ప్రాణాంతకంగా గాయపడినవాటికి తప్ప, వీధి కుక్కలకు మరణం విధించడానికి వీలు లేదు. అంటే మనం వేసే బొమ్మ బతికి ఉన్న కుక్కకు ఇల్లు వెతికే బొమ్మ కావచ్చు. అందువల్ల అది అందంగా ఉండటం కన్నా నిజంగా ఉండటం ముఖ్యం.

ముందు మంచి ఫోటో కావాలి. ఉదయపు నీడలో, కుక్క కళ్ల ఎత్తుకు వంగి, ఫ్లాష్ లేకుండా తీయండి. నిలబడి పై నుంచి తీస్తే తల పెద్దదై, కాళ్లు మాయమై, ప్రతి కుక్కా ఒకేలా కనిపిస్తుంది. నల్ల కుక్కను నల్లటి గోడ ముందు కాకుండా, గడ్డి ముందో సున్నపు గోడ ముందో, పక్కనుంచి వెలుతురు పడేలా కూర్చోబెట్టించండి. రంగులు వేసేటప్పుడు గొట్టంలోని నలుపును అలాగే వాడితే ముఖం ఒక రంధ్రంలా కనిపిస్తుంది. అల్ట్రామెరైన్ నీలాన్నీ బర్న్ట్ సియెనా అనే ఎర్రటి గోధుమరంగునూ కలిపితే వచ్చే ముదురు రంగులో వెచ్చదనం, చల్లదనం రెండూ ఉంటాయి. పెన్సిల్‌తో వేసేవారు బూడిదరంగు కాగితం మీద నల్ల పెన్సిల్, తెల్ల పెన్సిల్ రెండూ వాడితే బొచ్చు మెరుపు తేలికగా వస్తుంది. నీటి రంగులకు 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి కాగితం వాడండి, పలుచనిది ముడుచుకుపోతుంది. ముందు కళ్లు, ముక్కు మధ్య దూరాలు సరిచూసుకోండి. బొచ్చు చివరి పని.

విరిగిన చెవి, కన్ను పక్కన మచ్చ, మూడు కాళ్లు ఉంటే ఉన్నట్టే వేయండి. బొమ్మలో సరిచేసి చూపిస్తే, చూసి వచ్చినవారు నిజం కుక్క ముందు నిరాశపడి వెనక్కి వెళ్తారు. అలాగే కన్నీళ్లు కారుతున్నట్టు, గొలుసులు వేలాడుతున్నట్టు వేయకండి. జాలితో తీసుకెళ్లిన కుక్క, జాలి తగ్గాక తిరిగి వస్తుంది. కుక్క రోజూ చేసే పని ఏదైనా, చెప్పు మీద తల పెట్టి పడుకోవడమో, బంతిని ఇవ్వకుండా పరుగెత్తడమో, బొమ్మలోకి తెస్తే, ఇది నాకు సరిపోతుందని ఒక మనిషి అనుకుంటాడు. బొమ్మ కింద పేరు, ఉజ్జాయింపు వయసు, టీకాల వివరం, ఎలాంటి ఇల్లు సరిపోతుందో రెండు వాక్యాలు రాయండి. ‘పిల్లులున్న ఇంటికి సరిపడదు’ అనే మాట దాచకూడదు. ఫోన్ నంబరు షెల్టర్‌దే ఉండాలి, ఎందుకంటే ఎవరికి ఇవ్వాలో నిర్ణయించవలసింది వారే.

డబ్బు విషయంలో

నిధులకు అన్నిటికన్నా తేలికైన పద్ధతి, ఇతరుల పెంపుడు జంతువుల బొమ్మలు వేసి ఇవ్వడం. షెల్టర్ పేరు వాడటానికి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ తరువాత, బొమ్మ కోరినవారు డబ్బును నేరుగా షెల్టర్ ఖాతాకే పంపి, రసీదు మీకు చూపిస్తే, మీరు బొమ్మ మొదలుపెట్టండి. డబ్బు మీ చేతుల మీదుగా వెళ్లనవసరమే లేదు. మీరు ఎంత నిజాయతీపరులైనా, ఇతరుల డబ్బు మీ సొంత ఖాతాలో పడిన రోజు నుంచి అనుమానాలకు తావుంటుంది. రంగులకు, కాగితానికి, కొరియర్‌కు అయ్యే ఖర్చు మీరే భరిస్తారో, విడిగా తీసుకుంటారో మొదటే స్పష్టంగా చెప్పండి.

క్యాలెండర్ వేయాలనుకుంటే పన్నెండు కుక్కల బొమ్మలు అక్టోబరు నాటికి సిద్ధం కావాలి. ముద్రణ ఖర్చును ఒక దుకాణమో, ప్రెస్సో భరిస్తానంటేనే ముందుకు వెళ్లండి, లేకపోతే అమ్ముడుపోని ప్రతులే నష్టంగా మిగులుతాయి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, అక్టోబరు 4 ప్రపంచ జంతు దినం. పాఠశాలల్లో పిల్లలు తమ వీధి కుక్కల బొమ్మలు వేసి ప్రదర్శించడానికి ఇవి మంచి సందర్భాలు. పక్కనే ఒక పశువైద్యుడు టీకాల గురించి మాట్లాడితే ఇంకా మేలు. షెల్టర్ గోడల మీద బొమ్మలు వేసేవారు ఘాటైన వాసన వచ్చే ఎనామిల్ రంగులు కాకుండా నీటితో కలిపే ఎమల్షన్ రంగులు వాడాలి. జంతువులు గోడలు నాకుతాయి కాబట్టి, గదిని ఖాళీ చేయించి, రంగు పూర్తిగా ఆరాకనే వాటిని తిరిగి రానివ్వాలి.

ఒక కుక్కకు ఇల్లు దొరికిన వెంటనే దాని బొమ్మ ఉన్న ప్రతి చోటా ‘దత్తత అయింది’ అని రాసి, పంచుకున్నవారికి కూడా కబురు పెట్టండి. పాత ప్రకటన తిరుగుతూ ఉంటే షెల్టర్‌కు అనవసరపు ఫోన్లు వస్తాయి. అలా ఫోన్ చేసినవారికి మరో కుక్క గురించి చెప్పగలిగేలా, ఇంకా ఇల్లు దొరకని వాటి బొమ్మల జాబితాను ఫోన్ ఎత్తే సిబ్బంది దగ్గర ఉంచి, దత్తతలు జరిగినప్పుడల్లా దాన్ని మార్చి ఇవ్వండి.