పట్నంలో కొలువు, పల్లెలో కాపురం: హైదరాబాదు చుట్టుపక్కల ఊరిని ఎంచుకునే పద్ధతి

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ చుట్టుపక్కల పల్లెలో కాపురం పెట్టాలనుకునేవారు సాధారణంగా ఏదో ఒక ఆదివారం కారులో వెళ్లి, చెరువు గట్టును, వేపచెట్టును, విశాలమైన వాకిలిని చూసి మనసు పారేసుకుంటారు. అయితే ఆ ఊళ్లో బతకవలసినవారు రెండు రకాలు. పొద్దున్నే పట్నానికి బయలుదేరి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు మొదటి రకం; పగలంతా ఊళ్లోనే ఉండే పెద్దవారు, పిల్లలు, ఆలుమగలలో ఇంటిపట్టున ఉండేవారు రెండో రకం. వెళ్లేవారికి దారి ముఖ్యం, ఉండేవారికి ఊరు ముఖ్యం. పరిశీలించదగిన నాలుగైదు ఊళ్లను వడపోసే పని మొదటివారిది కావచ్చు గాని, వాటిలో దేన్ని ఖాయం చేసుకోవాలో చెప్పే హక్కు రెండోవారికే ఉండాలని నా అభిప్రాయం. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. అందువల్లనే ఏడాది తిరగకుండా తిరిగి అపార్టుమెంటు వెతుక్కునే కుటుంబాలు కనిపిస్తుంటాయి.

మొదట తేల్చుకోవలసినది దిక్కు. ఆఫీసు ఏ వైపున ఉన్నదో ఊరు కూడా ఆ వైపునే ఉండాలి. నగరాన్ని అడ్డంగా దాటి వెళ్లవలసిన ఊరు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టవలసిందే. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు పనిచేసేవారికి శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్, సంగారెడ్డి పరిసరాల పల్లెలు నప్పుతాయి. సికింద్రాబాదు వైపు పని ఉంటే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చూడాలి. శంషాబాదు విమానాశ్రయం పరిసరాల్లో పనిచేసేవారు కొత్తూరు, షాద్‌నగర్, మహేశ్వరం మండలాల వైపు వెళ్లవచ్చు. చాలామంది లెక్కలోకి తీసుకోని చిన్న విషయం మరొకటి ఉంది. నగరానికి పడమట ఉన్న ఊరినుంచి పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు బండి నడుపుతారు కాబట్టి రెండు పూటలా ఎండ కళ్లలోనే కొడుతుంది. తూర్పున ఉన్న బీబీనగర్ వైపునుంచి వచ్చేవారికి రెండు పూటలా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. రోజూ ద్విచక్రవాహనం మీద తిరిగేవారికి ఇది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు.

తరువాత ప్రయాణపు లెక్క వేయాలి. ఇంటి గడపనుంచి ఆఫీసు కుర్చీ వరకు పట్టే సమయాన్ని సోమవారం పొద్దున ఏడున్నరకు స్వయంగా బయలుదేరి చూసుకోవాలి; ఫోనులోని మ్యాపు ఆదివారం చూపించే నిమిషాలకు విలువ లేదు. ఖర్చు విషయానికి వస్తే, వెళ్లే దూరం 40 కిలోమీటర్లయితే రానుపోను రోజుకు 80, నెలకు 22 పనిదినాల లెక్కన 1,760 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే మోటారుసైకిలుకు ఇందుకు దాదాపు 39 లీటర్ల పెట్రోలు కావాలి, అంటే నెలకు సుమారు నాలుగు వేల రూపాయలు. లీటరుకు 15 ఇచ్చే కారయితే దానికి మూడు రెట్లు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు దగ్గరలో ఉందని మురిసిపోయేముందు, దాని ప్రధాన రహదారిమీదికి ద్విచక్రవాహనాలను రానివ్వరని, వాటికి సర్వీసు రోడ్డే గతి అని, కారుకు రోజూ టోలు చెల్లించాలని గుర్తుంచుకోవాలి. పల్లెలో మిగిలే అద్దె డబ్బులో ఎంత భాగం పెట్రోలు బంకుకు, టోలు గేటుకు పోతుందో కాగితం మీద వేసుకున్న తరువాతే ముందుకు వెళ్లడం మంచిది.

దారి స్వభావాన్ని కూడా చూడాలి. 2025 నవంబరులో చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు ప్రాణాలు పోయిన తరువాత ఆ మార్గం ఇరుకుదనం గురించి అందరూ మాట్లాడారు. క్వారీలు, క్రషర్లు ఉన్న ప్రతి దిక్కునా టిప్పర్ల బెడద ఇలాంటిదే. ఊరికి వెళ్లే దారిలో రోడ్డు అంచున కంకర రాలి ఉందేమో, చెట్ల ఆకులమీద తెల్లని దుమ్ము పేరుకుని ఉందేమో గమనిస్తే టిప్పర్ల సంగతి ఎవరినీ అడగనక్కరలేదు.

బస్సులమీద ఆధారపడేవారికి ఒక గట్టి గుర్తు చెబుతాను. కొన్ని ఊళ్లలో రాత్రి చివరి బస్సు అక్కడే ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు ఊళ్లోనే పడుకుని తెల్లవారుజామున అదే బస్సును తొలి ట్రిప్పుగా పట్నానికి తీసుకువెళతారు. దీనిని నైట్‌హాల్ట్ బస్సు అంటారు. ఇలాంటి బస్సు ఉన్న ఊరికి ఆలస్యంగా తిరిగొచ్చే ఉద్యోగికి ఒక భరోసా, పొద్దున వెళ్లేటప్పుడు కూర్చోవడానికి ఒక సీటు ఉంటాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు కనుక ఉద్యోగినులకు ఖర్చు తగ్గింది, రద్దీ మాత్రం పెరిగింది. బస్సు బయలుదేరే ఊరికీ దాని తరువాతి మూడో ఊరికీ మధ్య తేడా ఇప్పుడు కూర్చుని వెళ్లడానికీ నిలబడి వెళ్లడానికీ మధ్య తేడా. ఊరు ప్రధాన రహదారినుంచి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటే, క్రాస్‌రోడ్డు దగ్గర చివరి షేర్ ఆటో ఎన్నింటికి దొరుకుతుందో ఆటోవాలాలనే అడగాలి. ఎనిమిది దాటాక దొరకదనే జవాబు వస్తే స్టాండులో సొంత బండి పెట్టుకోవలసి ఉంటుంది.

రైలు మార్గం పక్క ఊరు దొరికితే అదృష్టమే. సికింద్రాబాదు–కాజీపేట మార్గంలో ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, వికారాబాదు మార్గంలో శంకర్‌పల్లి, మహబూబ్‌నగర్ మార్గంలో తిమ్మాపూర్, షాద్‌నగర్ స్టేషన్లు ఉన్నాయి. నగర లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్ రెండో దశలో మేడ్చల్‌కు, ఉందానగర్‌కు 2023 ఏప్రిల్‌లో రైళ్లు మొదలయ్యాయి. 150 కిలోమీటర్ల లోపు దూరానికి రైల్వే ఇచ్చే నెలవారీ సీజన్ టికెట్టు బస్సుకన్నా, బండికన్నా ఎంతో చవక. అయితే పట్టాలు ఉండటం వేరు, మీ వేళకు రైలు ఆగటం వేరు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య, సాయంత్రం ఆరు తరువాత ఆ స్టేషనులో ఏ ఏ బండ్లు ఆగుతాయో, క్రాసింగు కోసం ఎంతసేపు నిలబెడతారో రోజూ వెళ్లే పాసు ప్రయాణికులు గంటలు, నిమిషాలతో సహా చెబుతారు.

ఇంతవరకు వెళ్లేవారి సంగతి. ఇక పగలంతా ఊళ్లో ఉండేవారి వైపు నుంచి చూస్తే అన్నిటికన్నా ముందు నీళ్లు. ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నల్లా దాదాపు ప్రతి ఊళ్లో కనిపిస్తుంది, కాని అది ఏ వేళకు వస్తుందో, ఎంతసేపు వస్తుందో, వేసవిలో ఎన్ని రోజులకొకసారి వస్తుందో పక్కింటివారిని అడిగి తెలుసుకోవాలి. ఈ ప్రాంతమంతా గట్టి రాతి నేల కనుక ఒక ఇంటి బోరులో పుష్కలంగా నీళ్లుండి, ఆ పక్క ఇంటి బోరు ఎండిపోవడం మామూలే. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటింట్లోకి వెళ్లి నీళ్లు కాచే గిన్నె అడుగును వేలితో రాసి చూడండి. తెల్లని పొర గరుకుగా తగిలితే బోరు నీటిలో లవణాలు ఎక్కువని అర్థం. బట్టలు, గీజరు, జుట్టు అన్నీ దాని బాధ పడతాయి. చౌటుప్పల్, నారాయణపురం, మర్రిగూడ వైపు భూగర్భజలంలో ఫ్లోరైడు సమస్య ఏనాటినుంచో ఉన్నది కాబట్టి అక్కడ తాగడానికి, వంటకు నల్లా నీటినే నమ్ముకోవాలి. మూసీ నగరాన్ని దాటిన తరువాత దాని ఒడ్డునున్న ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ వంటి ఊళ్లు ఆఫీసుకు దగ్గరే అయినా, నగరపు మురుగంతా ఆ నీటితోనే ప్రవహిస్తుందన్న సంగతి మరవకూడదు.

గాలి సంగతి ముక్కుతోనే తెలుస్తుంది, కాని ఏ నెలలో వెళ్లామన్నది ముఖ్యం. షాద్‌నగర్, చేవెళ్ల, శామీర్‌పేట వైపు కోళ్లఫారాలు ఎక్కువ. వానాకాలంలో గాలి పడమటి వైపునుంచి వీస్తుంది కనుక ఫారానికి తూర్పున ఉన్న ఇళ్లలో ఆ నాలుగు నెలలూ వాసన, ఈగలు తప్పవు. హోటలులో టీ గ్లాసు మీద పళ్లెం కప్పి ఇస్తున్నారంటే కారణం వెతకండి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టుపక్కల, జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డు దాపున ఉన్న ఊళ్లను చవకగా వస్తున్నాయని తీసుకోవద్దని నా సలహా.

కోతులను పట్నంవారు లెక్కలోకి తీసుకోరు, పల్లెవారికి అదే నిత్య యుద్ధం. ఇంటిమీది ట్యాంకు మూతను తీగతో కట్టి ఉంచారా, వాకిలిమీద ఇనుప జాలీ వేయించారా, పెరట్లో కాయగూరల పాదు ఒక్కటైనా ఉందా అని ఒక వీధి పొడుగునా చూసుకుంటూ నడవండి. జాలీలు, తీగలే కనిపించి పాదులు కనిపించకపోతే ఆ ఊళ్లో పెరటితోట కల మానుకోవాలి.

కరెంటు విషయంలో ఊరి నడుమ ఇంటికీ, పొలాల మధ్య ఫామ్‌హౌస్‌కీ పోలికే లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారి ఆడేటప్పుడు పొలాల లైనుమీద ఉన్న ఇంట్లో వోల్టేజి పడిపోయి ఏసీ, ఫ్రిజ్జు మొరాయిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఫ్యాను ఏ వేగంతో తిరుగుతుందో అడగండి. ఇంటినుంచి పనిచేసేవారు ఫోను సిగ్నలును వాకిట్లో కాకుండా పడకగదిలో తలుపులు మూసి పరీక్షించుకోవాలి. కేబుల్ ఆపరేటరు నెట్టు ఇస్తాడా, తెగితే ఎన్ని రోజులకు బాగుచేస్తాడు అన్నది ఇప్పటికే వాడుతున్నవారిని అడిగితేనే నిజం తెలుస్తుంది.

పిల్లల బడి బస్సు ఊళ్లోకి వస్తుందా, క్రాస్‌రోడ్డు వరకేనా, పిల్లవాడు అందులో ఎంతసేపు కూర్చోవాలి అని చూసుకోవాలి. పెద్దవారుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట ఎవరైనా ఉంటారా, పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉంటుంది అనే రెండు ప్రశ్నలు ఆశా కార్యకర్తను అడిగితే చాలు. బీబీనగర్ పరిసరాల ఊళ్లకు ఎయిమ్స్ చేరువలో ఉండటం ఆ వైపుకు పెద్ద ఆకర్షణే.

మనుషుల గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఇల్లు అద్దెకు కావాలనగానే "మీదే ఊరు బిడ్డా?" అని మొదలుపెట్టి ఇంటిపేరు, తరువాత కులం దాకా అడుగుతారు. కొన్ని వీధుల్లో కొందరికి ఇల్లు దొరకదు. ఒంటరి మహిళలకు, పెళ్లికాని కుర్రవాళ్లకు, వేరే మతంవారికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. దీనిని ముందే ఎదుర్కొని, ఏ ఊళ్లో మర్యాదగా మాట్లాడారో అక్కడికే వెళ్లడం మేలు. ఊరి గుణం తెలియాలంటే పొద్దున పాల కేంద్రం దగ్గర, సాయంత్రం కిరాణా దుకాణం దగ్గర కాసేపు నిలబడాలి. బెల్టు షాపు ఏ వీధిలో ఉందో, అక్కడ రాత్రి తొమ్మిదికి ఎలా ఉంటుందో చూడకుండా ఆ వీధిలో ఇల్లు తీసుకోకూడదు. పంచాయతీ కార్యదర్శిని కలిస్తే చెత్త ట్రాక్టరు ఎన్ని రోజులకు వస్తుందో తెలుస్తుంది; మోరీలు (మురుగు కాలువలు) ఎలా ఉన్నాయో మీ కళ్లకే కనిపిస్తుంది.

వానాకాలంలో ఒక్కసారైనా వెళ్లిరావాలి. ముఖ్యంగా వాగు దాటి చేరవలసిన ఊళ్ల విషయంలో ఇది తప్పనిసరి. బీబీనగర్, పోచంపల్లి మండలాల మధ్య రుద్రవెల్లి–జూలూరు లోలెవల్ వంతెన మీదుగా మూసీ పొంగినప్పుడల్లా రాకపోకలు ఆగిపోతాయి. అలాంటప్పుడు చుట్టు తిరిగి వెళ్లే దారి ఎన్ని కిలోమీటర్లో ముందే తెలిసి ఉండాలి.

ఊరు ఊరుగానే మిగులుతుందా అన్నది మరో ప్రశ్న. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగురోడ్డు చుట్టుపక్కల 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపేశారు. అలాంటి చోట పన్నులు, అద్దెలు, అపార్టుమెంట్లు అన్నీ వెంటే వస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేయడం వల్ల మొయినాబాద్ వైపు పచ్చదనం చాలాకాలం నిలిచింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో వచ్చింది కాబట్టి, ఇప్పటి నిశ్శబ్దాన్ని చూసి పదేళ్ల ఆశలు పెట్టుకోకూడదు. ఔటర్ రింగురోడ్డుకు వెలుపల ప్రతిపాదించిన రీజినల్ రింగురోడ్డు ఏ సర్వే నంబర్లమీదుగా పోతుందో కూడా ఊళ్లో వాకబు చేయాలి.

స్థలం కొనే తొందర అసలు వద్దు. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లకు చాలాచోట్ల ఇంటిపన్ను రసీదు తప్ప పట్టా ఉండదు. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), భూదాన భూమి (భూదానోద్యమంలో దానంగా వచ్చినది), చెరువు శిఖం (చెరువు నీళ్లు నిండే నేల) అమ్మకానికి పెట్టేవారు అడుగడుగునా తగులుతారు. గుంటల లెక్కన అమ్మే ఫామ్‌ప్లాటులో ఇంటి అనుమతి వస్తుందని మధ్యవర్తి చెప్పే మాటకు వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన కాగితం చూడనిదే విలువ ఇవ్వకూడదు.

ముందు ఏడాదిపాటు అద్దెకు ఉండండి. అద్దెకు దిగడానికి మార్చి నెలాఖరు అనువైన సమయం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు, వోల్టేజి, కోతుల సంగతి తేలిపోతుంది, పిల్లల సెలవుల్లో ఇంటివారందరూ పగలంతా ఊళ్లోనే ఉండి చూస్తారు. ఊరు పడదనుకుంటే జూన్‌లో బళ్లు తెరవకముందే తిరిగి రావచ్చు. పిల్లల టీసీని, పట్నంలో పాత ఇంటి అడ్వాన్సును అప్పటివరకు కదపకుండా ఉంచుకోండి.