జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో రంగు కంటికి ఆనాలంటే

ఫోన్‌లో జపాన్ చెక్క అచ్చు బొమ్మ (చెక్కిన పలకకు రంగు పూసి కాగితం మీద అచ్చు వేసిన చిత్రం) తెరిస్తే కథ కనిపిస్తుంది గానీ రంగు పనితనం కంటికి ఆనదు. ఐదు నిమిషాలు పట్టే పద్ధతి ఒకటి దొరికింది, చాలా పనికొచ్చింది.

జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో చేసిన ఒహాషి వంతెన మీద జడివాన బొమ్మ తీసుకోండి. ముందు ఫోన్‌లో నైట్ లైట్ ఆపేయండి, లేకపోతే నీలాలన్నీ పచ్చబారతాయి. స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి ఒక నిమిషం గీతలే చూడండి. వాన గీతలు రెండు వాలుల్లో పడుతుంటాయి, ఎంత సన్నగా చెక్కారో! తర్వాత రంగు తెచ్చి నీలం ఒక్కదాని వెంటే పోండి, నీళ్లలో ఎక్కడ చిక్కనైందో, ఎక్కడ పలచబడిందో.

చివరగా పై అంచు జూమ్ చేయండి. నల్లమబ్బు కిందికి వచ్చేకొద్దీ కరిగిపోతుంది. దాన్ని బొకాషి అంటారు. అచ్చు వేసే మనిషి చెక్క మీద రంగును ప్రతి కాగితానికీ చేత్తో తుడిచి పలచన చేస్తాడు. అందుకే ఇదే బొమ్మకు ఇంకో మ్యూజియంలో ఉన్న ప్రతిని పక్కన పెట్టి చూస్తే మబ్బు వేరుగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఒక జాగ్రత్త: 1830కి ముందువాటికి ఈ నీలం లెక్క పనిచేయదు. అప్పట్లో పూల నుంచి తీసిన నీలం, ఊదా చాలావరకు వెలిసిపోయాయి. అక్కడ గోధుమరంగు కనిపిస్తే చిత్రకారుడు ఎంచుకున్నదే అనుకోకండి.