పదవి లేకుండా పోరాటం నడపాలంటే

ఏ పదవీ లేకపోయినా ఆడవాళ్లను కూడగట్టి పోరాడొచ్చు. అయితే ముందే సభ పెట్టకండి. 10, 15 మంది ఆడవాళ్లను విడివిడిగా కలిసి, ఒక్కొక్కరి మాట అరగంట వినండి. ఎక్కువమంది చెప్పిన ఒక్క సమస్యనే పట్టుకోండి. "న్యాయం కావాలి" అంటే అధికారులైనా యజమానులైనా దాటేస్తారు; "ఆపిన 2 నెలల కూలి ఫలానా తేదీలోగా ఇవ్వాలి" అంటే జవాబు చెప్పక తప్పదు.

సమావేశం ఏ వేళ పెట్టాలో ఆ ఆడవాళ్లనే అడగండి. వంటకూ పిల్లలకూ అడ్డొస్తే రెండోసారి సగం మందే వస్తారు.

అర్జీ 2 ప్రతులు రాసి, మీ ప్రతిపై తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వడానికి ముగ్గురు వెళ్లాలి: ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, ఇంకొకరు సాక్షి. మాట్లాడే మనిషిని ప్రతిసారీ మార్చండి. ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తే బెదిరింపులు, ఆశచూపడాలు, ఇంట్లో ఒత్తిడి అన్నీ ఆమె మీదే పడతాయి. ఆమె ఆగితే పనీ ఆగుతుంది. చందాల లెక్క ఇద్దరి దగ్గర ఉంచి, ప్రతి సమావేశంలో చదివి వినిపించండి.