మనసు బాగోలేనప్పుడు: కొత్త దేశానికి వచ్చినవారికి కొన్ని సూచనలు

కొత్త దేశంలో మొదటి నెలల్లో నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే ఏడుపు రావడం, ఊరికే టెన్షన్ పడటం చాలామందికి ఉండేవే. ఇల్లు, పని, కాగితాలు ఒక కొలిక్కి వచ్చేసరికి చాలావరకు తగ్గుతాయి. కానీ వెనక జరిగిన ఘోరం పదేపదే కళ్లముందు కదులుతుంటే, పీడకలలు నెల దాటినా వదలకపోతే, అదే సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక దాని భయం మనసును వదలని జబ్బు) అని తేల్చేముందు ఈ బాధ నెలకు మించి ఉందా అనే డాక్టర్లు చూస్తారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి. ఆ నంబరు ఈ రోజే సేవ్ చేసుకోండి.

ఆందోళనగా ఉందని చెబితే చాలాచోట్ల ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 అనే కాగితం చేతికిస్తారు. గత రెండు వారాల గురించి 7 ప్రశ్నలుంటాయి. తలనొప్పి, గుండె దడ, కడుపులో తిప్పడం గురించి అందులో ఒక్క ప్రశ్నా లేదు. మనలో చాలామందికి దిగులు ముందు ఒంట్లోనే తెలుస్తుంది. కాబట్టి అడగకపోయినా మీరే చెప్పాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు "గుండెల్లో దడ" అన్నాను. ఇంటర్‌ప్రెటర్ అదే మాట చెప్పారు, ఈసీజీ తీశారు, అంతా బాగానే ఉందని పంపేశారు. ఆ దడ ఎవరైనా తలుపు కొట్టినప్పుడే వస్తుందని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. కొన్ని నెలల తర్వాత ఇంకో థెరపిస్టు అడిగారు: "ఈ బాధ గురించి మీ ఇంట్లోవాళ్లతో ఏమని చెబుతారు? ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు?" అప్పుడు నోరు పెగిలింది. ఇవి ఆవిడ మంచితనం కొద్దీ అడిగినవి మాత్రమే కావు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5లో (మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) ఇలాంటివి 16 ప్రశ్నలున్నాయి, మనిషి సంస్కృతిని తెలుసుకుని బాధను అర్థం చేసుకోవడానికి. మీ థెరపిస్టు అడగకపోతే "మా నేపథ్యం గురించి కూడా చెప్పాలి" అని మీరే మొదలుపెట్టండి.

మన భాషవాళ్లే దొరకాలని నెలలు వెయిట్ చేయనక్కర్లేదు. మన భాష వచ్చినంత మాత్రాన మన బాధ తెలిసినట్టు కాదు. తెలియనిది తెలియదని ఒప్పుకుని ఓపిగ్గా అడిగేవాళ్లు నాకు ఎక్కువ మేలు చేశారు. ఇంటర్‌ప్రెటర్ విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెబుతాను: మీ పిల్లల చేత మాట్లాడించకండి. అమ్మ మీద జరిగిన దాడి గురించి పదేళ్ల పిల్ల తన నోటితో చెప్పకూడదు. ఇంటర్‌ప్రెటర్ తెలిసినవాళ్లేమో, విషయం బయటికి పొక్కుతుందేమో అని భయంగా ఉంటే ఫోన్‌లో మాట్లాడే వేరే ఊరివాళ్లను అడగండి. చెప్పింది ఎవరికి తెలుస్తుంది, ఏ పరిస్థితుల్లో గోప్యత పాటించరు అన్నది మొదటి సెషన్‌లోనే అడిగేయండి. ప్రాణాపాయం, పిల్లలకు హాని లాంటివి సాధారణంగా మినహాయింపులు.

మొదటి రోజే అంతా చెప్పక్కర్లేదు. మంచి థెరపిస్టు ముందు మీకు ఊపిరి తిప్పుకోవడం నేర్పి, తర్వాతే గతంలోకి వెళతారు. ట్రామాకు (ఘోరం మిగిల్చిన మానసిక గాయానికి) ఇచ్చే సీబీటీ, అంటే ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స, మామూలుగా 8 నుంచి 12 సెషన్లు ఉండాలని బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకటికి మించి ఘోరాలు చూసినవారికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. నాలుగైదు సెషన్లయ్యాక కూడా మాట కలవకపోతే థెరపిస్టును మార్చమని అడగండి, అందులో తప్పేం లేదు.

వెళ్లేముందు బాధ ఎప్పుడు వస్తుందో, ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో మీ భాషలోనే ఒక కాగితం మీద రాసుకోండి. "తలుపు కొడితే దడ" అని నేను రాసుకున్నది ఈసారి ఇంటర్‌ప్రెటర్ ఉన్నదున్నట్టు చదివి వినిపించారు.