మ్యాన్ పేజీ పక్కన 5 ఎందుకుందో అప్పుడు తెలిసింది

చీమకుర్తిలో మా బావ గ్రానైట్ లెక్కల కంప్యూటర్లో ఉన్నది ఉబుంటు, అంటే ఒక రకం లినక్స్. రాత్రి 2:15కి బ్యాకప్ దానంతటదే జరగాలని క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపే ప్రోగ్రాం) పెట్టా. రాత్రి జరగలేదు గానీ, మధ్యాహ్నం మూడింటికి సరిగ్గా బిల్లులేసేటప్పుడు మిషను మొండికేసేది. చూద్దామని కూర్చుంటే వానకు కేబుల్ తెగి నెట్ లేదు.

"ఏం బామ్మర్దీ, అయ్యే పనేనా?" అన్నాడు బావ.

నెట్ లేకున్నా మిషన్లోనే ఉండే మాన్యువల్, అదే మ్యాన్ పేజీ, చూద్దామని మ్యాన్ క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల పట్టిక) అని కొట్టా. ఆప్షన్లున్నాయి గానీ ఆ పట్టికలో టైము రాసే ఐదు గడుల్లో ఏది ఏంటో లేదు. మ్యాన్ తర్వాత హైఫన్, కే పెట్టి క్రాన్ అని వెతికితే అదే పేరు రెండుసార్లు వచ్చింది. ఒకదాని పక్కన బ్రాకెట్లో 1, ఇంకోదానికి 5. 1 అంటే కమాండ్లు, 5 అంటే ఫైళ్లు రాసే తీరు. ఇన్నేళ్లూ అది పేజీ నంబరేమో అనుకున్నా, నా మొహం!

మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్ తెరిచి, స్లాష్ కొట్టి మినిట్ అని వెతికా. ఎన్ నొక్కితే తర్వాతిది, పెద్ద ఎన్ అయితే వెనక్కి. మొదటి గడి నిమిషాలు, రెండోది గంటలు. నేను గంట ముందనుకుని 2 15 అని రాశా. అంటే మధ్యాహ్నం 3:02!

క్యూ నొక్కి బయటికొచ్చి 15 2 చేశా. తెల్లారి చూస్తే బ్యాకప్ ఫైలు మీద టైము 2:15.