ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ఆగకుండా విండోస్ 11కి మారడం

షాపులు విండోస్ మార్చకపోతే బద్ధకం అనుకుంటారు గానీ, అడ్డం చాలాసార్లు ఫాక్స్‌ప్రో (పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్)లో రాసిన ఆ పాత డాస్ బిల్లింగే. 64 బిట్ విండోస్‌లో అది నడవదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు.

పనిచేసిన దారి: విండోస్ 11 ప్రోలో హైపర్-వీ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సౌకర్యం), అందులో 32 బిట్ విండోస్ 10 (దీనికి వేరే లైసెన్స్ కావాలి), ర్యామ్ 2 జీబీ. లోపలి విండోస్ 10లో, విండోస్ ఫీచర్స్‌లో ఎన్‌టీవీడీఎమ్ (డాస్ ప్రోగ్రామ్‌లు నడిపే భాగం) ఆన్ చేయాలి. ఇంటర్నెట్ తగలకుండా హైపర్-వీలో ఇంటర్నల్ స్విచ్ (బయటి, లోపలి విండోస్‌ల మధ్య మాత్రమే ఉండే నెట్‌వర్క్) పెట్టి, రెండువైపులా ఐపీ చేత్తో ఇవ్వాలి.

తల తినేది ప్రింటరే. హైపర్-వీ యూఎస్‌బీ ప్రింటర్‌ని నేరుగా లోపలికి ఇవ్వదు. డాట్ మ్యాట్రిక్స్‌ని బయటి విండోస్‌లో జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్‌తో షేర్ చేసి, లోపల నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1 (డాస్ ప్రోగ్రామ్‌లు ప్రింట్ పంపే పోర్ట్)కి కలపాలి. కలవకపోతే ముందు ఫైర్‌వాల్ చూడండి, ఇంటర్నల్ నెట్‌వర్క్‌ని అది పబ్లిక్‌గా లెక్కేస్తుంది.

డేటా కాపీ చేసేటప్పుడు ప్రోగ్రామ్ మూసి ఉండాలి. ఇండెక్స్ (డేటాని త్వరగా వెతకడానికి వాడే ఫైల్) పాడైతే రీఇండెక్స్ కొట్టండి.