ఫంక్, సోల్ బ్యాండ్‌లో బేస్ ఉద్యోగం: దొరకాలంటే, నిలవాలంటే

ఫంక్, సోల్ రెండూ అమెరికన్ నల్లజాతీయుల సంగీత శైలులు. ఫంక్ బ్యాండ్‌కి బేస్ గిటారిస్టుని ఎంచుకునే నాయకుడు వేళ్ల వేగం చూడడు. మొదటి దెబ్బ ఎక్కడ పడుతోంది, ప్రతి స్వరం ఎక్కడ ఆగుతోంది, ఈ రెండే వింటాడు. 1970లో, 18 ఏళ్ల వయసులో, ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరిన బేసిస్టు బూట్సీ కాలిన్స్‌కి దొరికిన పెద్ద పాఠం అదే: మధ్యలో ఏం అల్లుకున్నా సరే, బార్‌లో (నాలుగు దెబ్బల ఆవర్తంలో) మొదటి దెబ్బ మాత్రం బరువుగా దిగాలి. ఆది తాళంలో సమం తప్పితే ఏమవుతుందో తెలిసినవారికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు. తప్పు వాయించినవారికి బ్రౌన్ పాట నడుస్తుండగానే వేళ్లు చూపించి జరిమానా వేసేవాడు.

సాధన ఇలా మొదలుపెట్టండి. నిమిషానికి 100 దెబ్బల పాట తీసుకుని మెట్రోనోమ్‌ని (టిక్కులతో కాలం చూపే యంత్రాన్ని) 50కి పెట్టండి. ఆ టిక్కుల్ని 2, 4 దెబ్బలుగా వినండి. నిలకడ వచ్చాక 25కి దించండి, అంటే బార్‌కి ఒక్క టిక్కు. మిగతా మూడు దెబ్బల కాలం మీరే మోయాలి. టిక్కు కంటే ముందే వచ్చేస్తున్నారా? చాలాసార్లు కారణం ఘోస్ట్ నోట్లు, అంటే తీగ మోగకుండా ‘టక్’మనే ఆ పదహారో వంతులు. వాటిని గట్టిగా వాయించబోతే కుడిచెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చెయ్యి పరుగెడుతుంది. అసలు స్వరానికి సగం బలం చాలు.

స్వరం నిడివి ఇంతకంటే కష్టం, ఎక్కువమంది వదిలేసేదీ అదే. మొదటి దెబ్బ మీద పట్టిన స్వరాన్ని సరిగ్గా రెండో దెబ్బకి స్నేర్ డ్రమ్ పడే క్షణంలో ఆపి చూడండి. తర్వాత అదే లైన్‌ని అరదెబ్బకే ఆపండి. స్వరాలు అవే, నడక మాత్రం వేరైపోతుంది. ఆపడం ఎడమచేతి పని: వేలు ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) మీద వదులవ్వాలి గానీ తీగ మీంచి లేవకూడదు. 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలే ఆనితే హార్మోనిక్ (తీగ సన్నగా పలికే పైస్థాయి స్వరం) గణగణమంటుంది కాబట్టి పక్క వేలు కూడా ఆనించండి. టవర్ ఆఫ్ పవర్ బ్యాండ్‌లో బేసిస్టు రోకో ప్రెస్టియా వాయింపు అంత పొడిగా వినిపించడానికి మూలం ఈ ఎడమచేతి అదుపే.

సోల్ పాటలకు ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ తరహా బేస్, ఫ్లాట్‌వౌండ్ తీగలు (చదునైన చుట్టు ఉన్న నునుపు తీగలు) సరిపోతాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ లావు ఫ్లాట్‌వౌండ్లు వేసి తెగేదాకా మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ మెత్తటి, తక్కువసేపు మోగే శబ్దం కావాలంటే బ్రిడ్జ్ (బేస్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) పక్కన తీగల కింద స్పాంజి ముక్క దూర్చండి, ఆనీ ఆననట్టు. మరీ మందమైతే తీగని పైకి నెట్టి శ్రుతి చెడగొడుతుంది. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించే) పాటలు కూడా ఉంటే 45–105 మందం (అంగుళంలో వెయ్యో వంతులు) ఉన్న రౌండ్‌వౌండ్లే (గుండ్రటి చుట్టు తీగలే) వేసుకుని, సోల్ పాటలప్పుడు టోన్ తగ్గించి అరచేతి అంచుతో మ్యూట్ చేయండి.

మొదటి అవకాశం చాలామందికి వేరొకరి బదులుగా వాయించడంతోనే వస్తుంది, అదీ రెండు మూడు రోజుల ముందు ఫోనుతో. ప్రతి పాటకీ ఒకే పేజీ రాసుకోండి: శ్రుతి, వేగం, భాగాల వరస, బ్రేకులు (బ్యాండంతా ఒక్కసారి ఆగే చోట్లు), ముగింపు. ముగింపులు, బ్రేకులు ముందు నేర్చుకోండి, తప్పితే అందరికీ వినిపించేవి అవే. హార్న్ విభాగం ఉన్న బ్యాండ్లలో ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ శ్రుతులు తరచూ వస్తాయి, ట్రంపెట్, శాక్సోఫోన్‌లకు అవి అనువు. ఖాళీ తీగల మీద ఆధారపడే అలవాటు అక్కడ అడ్డుపడుతుంది. వేదిక మీద శ్రుతిని వేళ్లతో చెబుతారు: ఎన్ని వేళ్లు కిందికి చూపితే అన్ని ఫ్లాట్లు, పైకి చూపితే అన్ని షార్ప్‌లు. రెండు వేళ్లు కిందికి అంటే బి ఫ్లాట్, మూడైతే ఇ ఫ్లాట్. తల తట్టుకుంటే పాట మొదటికి రమ్మని. పిడికిలి అర్థం బ్యాండ్‌ని బట్టి మారుతుంది, రిహార్సల్‌లోనే అడగండి.

టూర్‌లో ఆంప్ ఎక్కువసార్లు అద్దెదే. ఆన్ చేసే ముందు ఓములు (స్పీకర్ల విద్యుత్ నిరోధం) లెక్కపెట్టండి. 8 ఓముల స్పీకర్ క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓములు. కనీసం 4 కావాలని వెనక రాసి ఉన్న ఆంప్‌కి మూడోది కలిపితే 2.67కి పడిపోయి, కచేరీ మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది. గిటార్ కేబుల్‌ని స్పీకర్‌కి ఎప్పుడూ పెట్టకండి, సన్నటి తీగ ఆ కరెంటుని మోయలేదు. సొంత డీఐ బాక్సు (బేస్ శబ్దాన్ని నేరుగా మిక్సర్‌కి పంపే పెట్టె) తప్పనిసరి. గుయ్‌మని హమ్ వస్తే ముందు దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ఇంకో కేబుల్, తీగల సెట్టు, యాక్టివ్ బేస్ అయితే 9 వోల్టుల బ్యాటరీ సంచిలో ఉండాలి. మానిటర్‌లో (వేదిక మీద మీకు వినిపించే స్పీకర్లో) ముందు కిక్ డ్రమ్ అడగండి. చెవి ప్లగ్గులు పెట్టుకోండి: 100 డెసిబెల్స్ దగ్గర రోజుకి సురక్షితమైన సమయం 15 నిమిషాలే.

చలిలోంచి వెచ్చటి హాల్లోకి వచ్చినప్పుడు బేస్‌ని కాసేపు కేసులోనే ఉంచండి. బేస్ మెడ వంగితే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఉక్కు కడ్డీని) ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. 1960ల తొలినాళ్ల పాత ఫెండర్లకు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు ఉండొచ్చు. ఆ చెక్క 1992 నుంచి సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకండి.

ఒప్పుకునే ముందు ఇవన్నీ రాతలో తీసుకోండి: ఒక్కో షోకి ఎంత, ప్రయాణపు రోజుకి ఎంత, రోజువారీ భత్యం, హోటల్, విమానంలో వాయిద్యానికి అయ్యే ఖర్చు. అమెరికాలో ఎక్కువ బ్యాండ్లు స్వయం ఉపాధి కింద చెల్లిస్తాయి, పన్ను ముందుగా కోయవు. కాబట్టి ప్రతి చెల్లింపులోంచి కొంత పక్కన పెట్టి, రసీదులు దాచుకోండి. షో రద్దయితే ఎంత ఇస్తారో కూడా అందులోనే ఉండాలి.